మెట్ల మలుపులో బల్బు

ముక్కు మీద కోపం అంటారే, మిషన్ల మేస్త్రికి అది ముక్కు ఒక్కదాని మీదే కాదు, ఒళ్లంతా ఉండేది. మూడో అంతస్తులో రెడీమేడ్ చొక్కాలు కుట్టే కార్ఖానా. ఆరు వరసలు, వరసకు పది మిషన్లు. ఏ మిషన్ దారం తెంపినా, ఏ సూది విరిగినా “నువ్వేం చేశావు దీన్ని” అంటూ కుట్టేవాళ్ల మీద ఒంటికాలి మీద లేచేవాడు. ఆడవాళ్లంతా కలిసి చిర్రుబుర్రు మేస్త్రి అని పేరు పెట్టారు. వెనకాల పెట్టిన పేరు ఆయన చెవిన పడటానికి వారం కూడా పట్టలేదు. దానికీ కోప్పడ్డాడు, అది వేరే సంగతి.

ఏడాది కిందట ఆయన గుండె ఒక మొట్టికాయ వేసింది. ఆసుపత్రి నుంచి పంపేటప్పుడు డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. “మూడంతస్తులూ ఒక్క ఊపున ఎక్కొద్దు. మధ్యలో ఐదు నిమిషాలు నిలబడండి. ఆ ఐదు నిమిషాలూ ఎవరినీ తిట్టొద్దు.”

తిట్టడానికి అక్కడ ఎవరున్నారు గనక? పనివాళ్లు ఎనిమిదికి వస్తారు. మేస్త్రి ఏడింటికే వచ్చి మిషన్లకు నూనె వేస్తాడు. రెండో అంతస్తు మెట్ల మలుపులో ఆ వేళకు ఉండేది ఒక ఇటుక స్తంభం, బట్టల తానులు దాచే గోడౌను తలుపు, పైకప్పు నుంచి పొడుగాటి తీగకు వేలాడే ఒక బల్బు, ఎత్తున ఒక చిన్న కిటికీ. ఖాళీగా ఐదు నిమిషాలు నిలబడటం ఎలాగో ఆయనకు పుట్టి బుద్ధెరిగాక తెలియదు. రెండు రోజులు పళ్లు నూరుకుంటూ నిలబడ్డాడు. మూడో రోజు కూతురు తన పాత ఫోను చేతికిచ్చి, “ఊరికే నిలబడకు నాన్నా, ఒక ఫోటో తియ్యి. ఒక్కటే. రేపు మళ్లీ ఒకటి” అంది.

కూతురు కూడా అక్కడే పని. ఆరో వరస దాటాక, గది ఆ చివరన, కుట్టిన చొక్కాలు సరిచూసే బల్ల ఆమెది.

అలా మొదలైంది. మొదట్లో బొటనవేలే ఫోటోలో సగం ఉండేది. తర్వాత్తర్వాత ఆయనకు ఆ కిటికీ వెలుగు అలవాటైంది. వేసవిలో అది స్తంభం మీద పడేది, వానాకాలంలో గోడౌను తలుపు దాకా పోయేది, మబ్బు పట్టిన రోజు ఎటూ పడకుండా గాలిలో నిలబడేది. అదే చోటు, అదే వేళ, అదే బల్బు. అయినా నిన్నటిది ఇవాళ ఉండేది కాదు. ఇన్నేళ్లు ఇది ఇక్కడే ఉంటే నేనెక్కడ ఉన్నానబ్బా అనుకున్నాడు ఒక పొద్దున. అనుకుని, నవ్వుకున్నాడు.

నిజం చెప్పాలంటే ఆ ఐదు నిమిషాలే ఆయన్ని మనిషిని చేశాయి. సూది విరిచిన పిల్ల మీద అరవబోయి, ముందు ఆ పిల్ల కళ్లు ఎర్రగా ఉన్నాయని చూడటం అప్పుడే నేర్చుకున్నాడు. “బాబాయ్‌కి ఏమైందే, ఆరోగ్యం బాగాలేదా” అని ఆడవాళ్లు కంగారు పడ్డారు.

ఒక్క పట్టింపు మాత్రం వదల్లేదు. వంకర అంటే ఆయన కంటికి గిట్టదు. ఫోను తెర మీద గీతలు వచ్చేలా కూతురితో పెట్టించుకున్నాడు. ఎడమ గీతకు స్తంభం అంచు తు.చ. తప్పకుండా ఆనితేనే నొక్కేవాడు. ఆనకపోతే ఫోను కాస్త ఇటు తిప్పి, కాస్త అటు వంచి, ఊపిరి బిగబట్టి సరిచేసేవాడు. అందుకే ఆయన ఫోటోల్లో స్తంభం ఎప్పుడూ సూదిలా నిటారు.

అన్నిటిలోకీ అందరికీ నచ్చింది చెక్కపొట్టు ఫోటో. ఒక పొద్దున గోడౌను తలుపు గచ్చుకు పట్టేసి తెరుచుకోలేదు. మేస్త్రి చిత్రిక తెచ్చి కింది అంచు సన్నగా తీశాడు. చుట్టలు చుట్టుకుని రాలిన పొట్టు మీద కిటికీ వెలుగు పడింది. చేతిలో చిత్రిక కింద పెట్టి మరీ తీశాడు దాన్ని. కూతురు దాన్ని తన ఫోను తెర మీద పెట్టుకుంది. రెండు నెలలకు తలుపు మళ్లీ పట్టేసింది. చెమ్మకు చెక్క ఉబ్బి ఉంటుందిలే అని మళ్లీ చిత్రిక పట్టాడు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. అందులో చెప్పేదేముందని.

ఇక ఆ రోజు సంగతి.

మధ్యాహ్నం భోజనాల వేళ. తండ్రీ కూతుళ్లు చివరి బల్ల దగ్గర కూర్చుని తింటున్నారు. కూతురు ఎడం చేత్తో ఆయన ఫోను తీసుకుని, మొదటి ఫోటో నుంచి వేలితో గబగబా జరుపుతోంది. మూడు వందల పన్నెండు ఫోటోలు. అంత వేగంగా జరిపితే సినిమాలా కదులుతాయి కదా, కిటికీ వెలుగు పాకుతోంది, తగ్గుతోంది, పెరుగుతోంది. కూతురు కిసుక్కున నవ్వింది.

“నాన్నా, నీ బల్బు చూడు. నడిచిపోతోంది.”

“గాలికి ఊగుతుందిలే.”

“ఊగితే మళ్లీ వెనక్కి రావాలిగా. ఇది పోవడమే గానీ రావడం లేదు.”

మేస్త్రి చెయ్యి కడుక్కోకుండానే ఫోను లాక్కున్నాడు. మొదటి ఫోటోలో బల్బు తీగ స్తంభం పక్కనే, స్తంభానికి సమంగా వేలాడుతోంది. వందో ఫోటోలో వెంట్రుకవాసి తేడా. రెండు వందలకు తీగ ఏటవాలు. ఇవాళ పొద్దున తీసిన దాంట్లో ఎవరో బల్బును వేలితో పక్కకు నెట్టి పట్టుకున్నట్టుంది.

తీగకు వేలాడే బరువు ఎక్కడైనా నిటారుగానే ఉంటుంది. ముప్పై ఏళ్లుగా మిషన్లు బిగించేవాడికి ఒకరు చెప్పాలా ఆ మాట? వంగింది బల్బు కాదు. స్తంభం. అది వంగుతూ ఉంటే, రోజూ పొద్దున్నే ఫోను వంచి వంచి, దాన్ని నిటారుగా నిలబెట్టింది తన చెయ్యే. అన్నం డబ్బా మూత పెట్టి లేచాడు.

“ఏమైంది నాన్నా?”

“ఏం లేదు. నువ్వు తిను.”

పక్క స్థలంలో ఏడాదిగా పునాదుల కోసం తవ్విన గొయ్యి ఉంది. తవ్వినవాళ్లు పత్తా లేరు. వానలకు అది చెరువైంది. ఆ గొయ్యి అంచు సరిగ్గా ఈ మెట్ల వెనకే. ఇవన్నీ ఆయనకు తెలిసినవే, విడివిడిగా. మెట్లు దిగుతుంటే ఒకదానికొకటి కలుసుకున్నాయి.

జేబులో ఉన్న తెల్లదారం రీలు తీశాడు. చివర బరువుకు మిషన్‌లోని ఇనప బాబిన్ కేసు ఒకటి కట్టాడు. తాపీ మేస్త్రులు గుండు దారంతో గోడ నిలువు చూసుకుంటారు చూడండి, అలాగే. స్తంభం మీద చెయ్యి అందినంత ఎత్తున ఉన్న మేకుకు దారం తగిలించి వదిలాడు. బాబిన్ రెండు మూడు సార్లు ఊగి ఆగింది. పైన స్తంభానికి అంటుకుని ఉన్న దారం, కింద స్తంభానికి మూడు వేళ్ల దూరంలో ఉంది. స్తంభం మెట్ల మీదికి ఒరిగి ఉంది. పై మెట్ల బరువంతా దాని మీదే. కార్ఖానాకు ఉన్నవి ఆ మెట్లే.

స్తంభానికీ పైకప్పుకూ కలిసే చోట సన్నటి చీలిక. వేలు పెట్టి చూస్తే సున్నం పొడి రాలింది, కొత్తది, తెల్లగా. పైన అరవై మంది ఆడవాళ్లు. వాళ్లకు ఆ చివరన తన పిల్ల.

మళ్లీ పైకి ఎక్కాడు. కార్ఖానా చూసుకునే ఇన్‌ఛార్జి మేడమ్ అద్దాల గదిలో ఫోను మాట్లాడుతోంది. నాలుగింటికి లారీ వస్తుంది, సరుకు ఎక్కించాలి. మేస్త్రి ఆమె ఫోను పెట్టేసేదాకా ఆగి, ఫోటోలు చూపించి, దారం సంగతి చెప్పాడు.

ఆమె చెడ్డమనిషి కాదు. పని నెత్తిన పెట్టుకుని కూర్చున్న మనిషి, అంతే. రెండు ఫోటోలు చూసి ఫోను వెనక్కిచ్చింది. “మేస్త్రిగారూ, మీ ఫోటోల సరదా నాకు తెలుసు. కానీ బల్బు వంకరగా ఉందని లైను ఆపలేను కదా. రేపు పొద్దున్నే ఇంజినీరును పిలిపిస్తాను. నాలుగు దాకా ఎవర్నీ లేపకండి.”

“రేపటి దాకా ఆగుతుందని నేను చెప్పలేను మేడమ్.”

“ఏడాది ఆగింది కదండీ.”

ఒకప్పటి మేస్త్రి అయితే ఆ అద్దాల గది అద్దాలు ఉండేవి కావు. అరుపు గొంతు దాకా వచ్చింది. భోజనాలు అయిపోయి, తలుపు అవతల అరవై మిషన్లు గడగడమంటున్నాయి. ఇక్కడ తను అరిస్తే అక్కడ వినపడుతుంది. వినపడితే అందరూ ఒక్కసారి లేస్తారు, ఒక్కసారి పరుగెత్తుతారు, పరుగెత్తేది ఆ మెట్ల మీదే. అరుపును మందుబిళ్లలా మింగాడు. అది చేదుగా దిగింది.

“సరే మేడమ్” అని బయటికి వచ్చాడు. మెయిన్ బోర్డు తలుపు తీశాడు. ఫ్యూజు లాగి ప్యాంటు జేబులో వేసుకున్నాడు.

అరవై మిషన్లూ ఒక్కసారి ఆగాయి. ఫ్యాన్లు మెల్లగా తిరిగి నిలిచాయి. కరెంటు పోతే ఆ కార్ఖానాలో ఒక పద్ధతి ఉంది. ఆ గదిలో గాలి ఆడదు, కాబట్టి కింద ఆవరణలోకి పోయి కూర్చోవచ్చు. అయితే తోసుకోకూడదు. తలుపు పక్కన ఉన్న ఒకటో వరస ముందు, తర్వాత రెండోది, అలా వరసలవారీగా. ముందు వరస కిందికి చేరితే గాని తర్వాతది లేవకూడదు. ఒకసారి ఎవరో మెట్ల మీద పడి చెయ్యి విరగ్గొట్టుకున్నాక పెట్టుకున్న కట్టుబాటు అది. ఎవరూ మీరరు.

“ఏం బాబాయ్, ఎంతసేపు?”

“ఫ్యూజు పోయింది. గంట పడుతుంది. మెల్లగా దిగండి. మెట్ల మీద నూనె ఒలికింది, గోడ వైపుగా ఒక్కొక్కళ్లే నడవండి.”

అబద్ధం ఎంత నున్నగా వచ్చిందో ఆయనకే ఆశ్చర్యం. గది చివర బల్ల దగ్గర కూతురు లేచి నిలబడి తననే చూస్తోంది. ఆ పిల్లను ముందు పిలవొచ్చు. పేరు పెట్టి ఒక్క పిలుపు చాలు. కానీ చివరి బల్ల పిల్లను ముందు పిలిస్తే వరస తప్పినట్టు. వరస తప్పిందంటే ఏదో ఉందని అరవై మందికీ తెలిసిపోతుంది. మేస్త్రి చూపు తిప్పుకుని మెట్లు దిగాడు. ఆ తిప్పుకోవడం ఎంత కష్టమో కన్నవాళ్లకే తెలుస్తుంది.

మలుపులో, రోజూ ఫోటో తీసే చోటనే, స్తంభానికీ మెట్లకూ మధ్య నిలబడ్డాడు.

ఒకటో వరస దిగింది. నవ్వులు, కబుర్లు. రెండో వరస దిగింది. చెప్పుల చప్పుడు ఒక్కొక్కటీ ఆయన వెన్నులో దిగుతోంది. పక్కనే దారం చివర బాబిన్ సన్నగా వణుకుతోంది. అడుగులకు వణుకుతోందో, మరి దేనికో.

మూడో వరసలో గుండీల పిన్ని వచ్చింది. గుండీల మిషన్ మీద ఇరవై ఏళ్లుగా ఆవిడే. మోకాళ్ల నొప్పులు. ఎక్కినా దిగినా ఆ మలుపులో స్తంభాన్ని రెండు చేతులా పట్టుకుని, ఒళ్లంతా దాని మీద వేసి తిరగడం ఆవిడ అలవాటు. చేతులు చాచింది.

మేస్త్రి అడ్డం వచ్చాడు. “పిన్నీ, ఇవాళ నా భుజం పట్టుకో.”

“ఇదేమిట్రా నాయనా, చిర్రుబుర్రు మేస్త్రి భుజమిస్తున్నాడు. వాన పడుతుందేమో.”

“పడితే పడనీ. పట్టుకో.”

ఆవిడ భుజం పట్టుకుంది. చెమటతో తడిసిన చొక్కా చేతికి తగిలిందేమో, మొహంలోకి చూసింది. గోడ వైపుగా, అడుగులో అడుగు వేసుకుంటూ దిగిపోయింది.

ఇన్‌ఛార్జి మేడమ్ విసవిసా దిగి వచ్చింది. “బోర్డులో ఫ్యూజు కాలిపోలేదు, అసలు లేనే లేదు. ఎక్కడ పెట్టారు?”

మేస్త్రి జేబు మీద చెయ్యి వేసుకున్నాడు. రెండో చేత్తో దారం చూపించాడు. “నా ఉద్యోగం రేపు తియ్యండి మేడమ్. ఇప్పుడు ఇది ఒక్కసారి చూడండి.”

ఆమె వంగి చూసింది. బాబిన్ దగ్గర మూడు వేళ్లున్న సందు ఇప్పుడు నాలుగు వేళ్లుంది. అంతలో ఎదురుగా మూసి ఉన్న గోడౌను తలుపు టక్ మంది. ఎవరూ ముట్టుకోలేదు. చెక్క పైనుంచి కిందికి నిట్టనిలువునా చీలింది. మేడమ్ భుజం మీద చిటికెడు సున్నం రాలింది. ఆమె దాన్ని దులుపుకోలేదు.

“పైన ఎంతమంది?” గొంతు బాగా తగ్గించి అడిగింది.

“మూడు వరసలు. మా అమ్మాయి.”

దిగిపోతుందనుకున్నాడు. మనుషుల్ని అంచనా వెయ్యడంలో మేస్త్రి ఎప్పుడూ అంత గట్టివాడు కాదు. ఆమె చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని పైకి ఎక్కింది. పైనుంచి ఆమె గొంతు వినపడింది, రోజూ మాట్లాడినట్టే. “నాలుగో వరస, చెప్పులు తీసి దిగండి, నూనె ఉంది. ఐదు, మీరు కూర్చోండి, మీ వంతు రాలేదు.”

నాలుగో వరస చప్పుడు లేకుండా దిగింది. ఐదో వరసలో ఎవరో “ఈ పొడి ఏమిటి బాబాయ్” అంది. “సున్నం అమ్మా, నడువు.” ఆరో వరస. ఒకరు, ఇద్దరు, ముగ్గురు. మేస్త్రి లెక్కపెడుతున్నాడు. గుండె, డాక్టరమ్మ చెప్పినట్టు వినడం లేదు. ఐదు నిమిషాలు నిలబడటం చేతకాని మనిషి, అప్పటికి అరగంటగా అక్కడే నిలబడి ఉన్నాడు. వెనకాల స్తంభంలో ఇసుక జారుతున్న సవ్వడి. చూడటానికి తల తిప్పలేదు.

ఎనిమిది, తొమ్మిది, పది. తర్వాత ఎవరూ రాలేదు.

ఆ కాసేపు ఆయనకు ఏడాదంత. పిలవాలి, పిలవకూడదు. నోరు తెరిచి మూశాడు. అప్పుడు మేడమ్ వచ్చింది, ఆమె వెనకాల కూతురు, చంకలో ఆయన అన్నం డబ్బా.

“బాత్‌రూములో ఎవరైనా ఉన్నారేమో చూసి వస్తున్నా” అంది పిల్ల. తెలుసు దానికి. బల్బు చూసినప్పుడే సగం తెలుసు, తండ్రి చూపు తిప్పుకున్నప్పుడు మిగతా సగం. అందుకే తన వంతు దాకా నోరెత్తకుండా కూర్చుంది. ఆయన దాని వీపు మీద చెయ్యి వేసి ముందుకు నెట్టాడు. ముగ్గురూ దిగారు.

ఆవరణలో అందరినీ గేటు దాకా జరిపారు. మేడమ్ ఫోన్లు చేసింది. మూడున్నర దాటాక, ముందుగా గోడౌను కిటికీ అద్దం పగిలింది. ఆ వెంటనే లోపల ఏదో పెద్ద ఊపిరి వదిలినట్టయింది. స్తంభం, మలుపు, మూడంతస్తుల మెట్లు, వాటిమీది కప్పు మొత్తం పక్కనున్న గొయ్యి వైపు కూలాయి. దుమ్ము గేటు దాకా వచ్చింది. ఆ దుమ్ములో అరవై మంది ఆడవాళ్లు ఒకళ్లనొకళ్లు తడుముకుని చూసుకున్నారు.

ఏడ్చారు. తర్వాత మేస్త్రి చుట్టూ మూగారు. ఒకావిడ ఆయన కాళ్లకు దణ్ణం పెట్టబోయింది. గుండీల పిన్ని భుజం మీద చెయ్యి వేసి, తీయకుండా నిలబడి, “నా బిడ్డల్ని తల్లి లేనివాళ్లు కాకుండా చేశావురా” అంది. ఆయన తల వంచుకున్నాడు. అందరూ అణకువ అనుకున్నారు.

సాయంత్రానికి కార్పొరేషన్ ఇంజినీరు వచ్చాడు. అందరూ ఫోటోల సంగతి ఒకేసారి చెప్పారు. ఆయన మేస్త్రిని మెచ్చుకున్నాడు, చేతిలోకి కాగితం తీసుకుని మామూలుగానే ఒక ప్రశ్న అడిగాడు. “ఇలాంటివి ఒక్కరోజులో రావు. ముందు తలుపులు పట్టేస్తాయి. ఇక్కడ ఏదైనా తలుపు పట్టేసిందా?”

ఎవరికీ తెలియదు. గోడౌను తలుపు తీసేది మేస్త్రి ఒక్కడే. “లేదండీ” అంటే సరిపోయేది. ఆ తలుపు ఇప్పుడు ఇటుకల కింద ఉంది, వచ్చి సాక్ష్యం చెప్పదు. భుజం మీద పిన్ని చెయ్యి బరువుగా ఉంది.

“పట్టేసింది. నేనే చిత్రిక పట్టాను. రెండుసార్లు.”

ఇంజినీరు రాయడం ఆపాడు. “ఎప్పుడు?”

“తారీకు గుర్తులేదు.” మేస్త్రి కూతురి వైపు చెయ్యి చాచాడు. “నా దాంట్లో వెతకలేను, నీ ఫోను ఇవ్వమ్మా.”

ఆ పిల్లకు అర్థమైంది. ఇవ్వలేక ఇచ్చింది. తెర వెలిగింది. గచ్చు మీద చుట్టలు చుట్టుకున్న చెక్కపొట్టు, దాని మీద బంగారంలాంటి పొద్దుటి వెలుగు. అందరూ బాగుంది బాగుంది అన్న ఫోటో. ఫోటో తెరిచి దాని తారీకు చూపించాడు. ఐదు నెలల కిందటిది.

“తలుపు ఎందుకు పట్టేసిందా అని చూడలేదండీ. పొట్టు అందంగా ఉందని చూశాను” అన్నాడు. “ఐదు నెలలు వీళ్లను ఆ మెట్ల మీద నడిపించాను.”

కాళ్లకు దణ్ణం పెట్టబోయిన ఆవిడ ఇటుకల కుప్ప వైపు చూస్తూ నిలబడింది. పిన్ని భుజం మీది చెయ్యి తీసేస్తుందని ఆయన ఎదురుచూశాడు. తీయలేదు. అలాగని ఆయన మొహంలోకి చూడనూ లేదు.

ఇంటికి పోతూ దారిలో కూతురితో, “ఆ బొమ్మ తీసెయ్యి తల్లీ నీ ఫోనులోంచి” అన్నాడు.

పిల్ల ఫోను తీసి, ఆ ఫోటో చూస్తూ కొంతదూరం నడిచింది.

“తీయను నాన్నా. ఉండనీ. రోజూ చూద్దాం.”